శుక్లం ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్: రిపోర్టులో "నో గ్రోత్" అని వస్తే?

ప్రశ్న:
నమస్కారం అండి. మా అమ్మకి 68 ఏళ్ళు. సోమవారం కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. మూడు రోజులు బాగానే ఉంది. శుక్రవారం తెల్లారేసరికి కన్నంతా ఎర్రబడి, విపరీతమైన నొప్పి. ఎదురుగా నిలబడితే నన్ను కూడా ఆనవాలు పట్టలేకపోయింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తే కంటి లోపలి నుంచి కాస్త ద్రవం తీసి ల్యాబ్‌కి పంపారు, అప్పుడే కంట్లోకి ఇంజెక్షన్ కూడా ఇచ్చేశారు. ఈరోజు ఆదివారం. రిపోర్టులో "స్టెయిన్‌లో సూక్ష్మజీవులు లేవు, 48 గంటలకు నో గ్రోత్" అని ఉంది. అంటే ఇన్ఫెక్షన్ లేనట్టేనా? అనవసరంగా కంట్లో సూది వేయించామా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అనవసరం కాదమ్మా, ముందు ఆ బాధ వదిలెయ్యండి. నేను కంటి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. "48 గంటలకు నో గ్రోత్" అంటే ఇప్పటిదాకా ఏమీ పెరగలేదని, అంతే. ఈ జబ్బులో, అంటే కంటి లోపలి ఇన్ఫెక్షన్‌లో (ఎండాఫ్తాల్మైటిస్), రిపోర్టు వచ్చేదాకా ఏ డాక్టరూ ఆగరు, ఆగకూడదు కూడా. గంటలు గడిచేకొద్దీ రెటీనా దెబ్బతింటుంది.

మాకు వచ్చేది ఎంతో తెలుసా? విట్రియస్, అంటే కంటి లోపల వెనక భాగంలో ఉండే జెల్లీ, మహా అయితే 0.2 నుంచి 0.3 మిల్లీలీటర్లు. సిరంజి అడుగున నాలుగైదు చుక్కలు. అందులోనే గ్రామ్ స్టెయిన్‌కి (రంగు వేసి మైక్రోస్కోపులో చూడ్డానికి) ఒక స్లైడు, ఫంగస్ కోసం ఇంకో స్లైడు, ఇంకా సూక్ష్మజీవుల్ని పెంచే ఆహారాలైన బ్లడ్ అగార్, చాక్లెట్ అగార్, సాబురాడ్ మాధ్యమం, థయోగ్లైకొలేట్ ద్రవం, అన్నిటికీ సర్దాలి. ఆ చుక్కలో పది సూక్ష్మజీవులే ఉంటే స్లైడు మీద కనపడవు. అమెరికాలో ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చిన 420 మందితో చేసి 1995లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో కూడా సూక్ష్మజీవి తేలింది దాదాపు 69 శాతం మందిలోనే. మిగతా వాళ్ళకీ వైద్యం చేశారు.

అగార్ ప్లేటు మీద చుక్క వేసిన చోటే కాలనీ, అంటే సూక్ష్మజీవులు పెరిగిన మచ్చ, రావాలి. పక్కన ఎక్కడో వస్తే గాలిలోంచి పడిందేమోనని మేమే అనుమానిస్తాం. అందుకే తొందరపడి పేరు రాయం.

మీరు డాక్టర్ గారిని ఒకటి అడగండి: కల్చర్ (ఇలా పెంచి చూసే పరీక్ష) ఎన్ని రోజులు ఉంచుతున్నారు, ఫంగస్ కోసం కూడా పెట్టారా అని. మన దగ్గర ఫంగస్ కేసులు తక్కువేమీ కాదు, వాటికి రెండు వారాలు చూడాలి. శాంపిల్ తీయకముందే యాంటీబయాటిక్ వాడి ఉంటే అదీ చెప్పండి, పెరుగుదల తగ్గుతుంది. ఏమీ పెరగకపోతే సూక్ష్మజీవి డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లోని ఝవేరీ మైక్రోబయాలజీ సెంటర్ లాంటి చోట్ల చేస్తారు. చూపు ఇంకా తగ్గి వెలుగు మాత్రమే తెలిసే స్థితికి వస్తే ఒక్క గంట కూడా ఆగకండి, విట్రెక్టమీ, అంటే ఆ జెల్లీని తీసేసే ఆపరేషన్, అవసరం పడొచ్చు.

మరొకరు:
అన్నా, మా నాన్నకి కూడా ఇలాగే అయితే కంటి పైన దూదితో తుడిచి పంపారు. అది సరిపోతుందా?

జవాబు:
సరిపోదు తమ్ముడూ. కంటి పైపొర మీద, రెప్పల మీద ఆరోగ్యవంతులకీ సూక్ష్మజీవులు ఉంటాయి. అక్కడ దొరికిందే లోపల ఉందని చెప్పలేం. కంటి లోపల ముందు భాగంలో ఉండే నీరు తీయడం మెరుగే, విట్రియస్ ఇంకా మెరుగు. ఇంకోమాట, ఆపరేషన్ అయిన 12 నుంచి 48 గంటల్లోనే, పెద్దగా నొప్పి లేకుండా చూపు మసకబారితే టాస్ కావచ్చు. అది సూక్ష్మజీవి వల్ల కాదు, లోపలికి వెళ్ళిన ద్రవాలు, పరికరాల మీద మిగిలిన మలినాల వల్ల వచ్చే వాపు. తేడా చూసి చెప్పాల్సింది డాక్టరే, ఇంట్లో మనం కాదు.

ప్రశ్న అడిగినవారు (మంగళవారం):
మీకు చాలా థ్యాంక్స్ అండి. ఈరోజు ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు. చాక్లెట్ అగార్ మీదా, ద్రవంలోనూ ఒకటే పెరిగిందట, స్టాఫ్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా అని చెప్పారు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగుతుందట. శుక్రవారం ఇచ్చిన ఇంజెక్షన్‌లో అదే ఉందట! అమ్మ పొద్దున నా వేళ్ళు లెక్కపెట్టింది.

జవాబు:
చాలా సంతోషం అమ్మా. ఫైనల్ రిపోర్టు కాగితం తీసుకుని దాచండి. రెండో కంటికి ఆపరేషన్ చేసే ముందు ఆ డాక్టరు చేతిలో పెట్టాలి.