కుక్కర్‌లో ఆకుకూర పప్పు: ఆకు రంగు పోకుండా ఎలా?

అందరికీ నమస్కారం. మా అత్తగారికి పళ్లు సరిగా లేవు, పప్పు బాగా మెత్తగా ఉండాలి. అందుకని గ్లాసు కందిపప్పు, మూడు గ్లాసుల నీళ్లు, పసుపు, పచ్చిమిర్చి, రెండు కట్టల పాలకూర అన్నీ కలిపి కుక్కర్‌లో 4 విజిల్స్ రానిస్తున్నాను. పప్పు వెన్నలా ఉడుకుతోంది. పాలకూర మాత్రం ఎండుగడ్డి రంగుకి తిరిగిపోతోంది, మూత తీయగానే అదో పసరు వాసన. చూస్తేనే తినబుద్ధి కావడం లేదు, పాపం ఆవిడ ఏమీ అనరు.

గోంగూరతో ఇంకో ఇబ్బంది. కలిపి పెడితే ఆ పులుపుకి పప్పు పలుకుగానే ఉండిపోతోంది, అందుకే దాన్ని విడిగా మగ్గబెడుతున్నా.

పాలకూర, తోటకూర కూడా అలాగే విడిగా చేయాలా? లేక పప్పు ఉడికాక ఆకు వేసి, ఒక్క విజిల్ రాగానే ఆవిరి తీసేస్తే సరిపోతుందా? పొద్దున్న 7 గంటలకే క్యారేజీలు కట్టాలి. మీరు చేసే పద్ధతి చెప్పరూ?