తెలుగు టైపింగ్ కొత్తవాళ్ళకి జవాబు చెప్పేటప్పుడు ముందు ఏం అడగాలి?

పొల్లు:
‘కంప్యూటర్లో తెలుగు రావట్లేదు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో అడిగినవాళ్ళని కొందరు ‘ముందు తెలుగులో రాయండి’ అంటున్నారు. తెలుగులో రాయగలిగితే ఆ ప్రశ్నే ఉండదు కదండీ! ‘గూగుల్ చేసుకోండి’ అన్నదీ అలాంటి జవాబే. ఏ మాటతో వెతకాలో తెలియకే అడుగుతున్నారు. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతి) అనే మాటే వినని మనిషి దాన్ని వెతకలేడు. కొత్తవాళ్ళు అడిగినప్పుడు మీరు మొదట ఏం కనుక్కుంటారో, ఏ వరుసలో చెప్తారో ఇక్కడ రాయండి.

వలపలగిలక:
‘తెలుగు రావట్లేదు’ అనే ఒక్క మాట వెనక కనీసం నాలుగు వేరువేరు జబ్బులున్నాయి. అందుకే ముందు స్క్రీన్‌షాట్ అడగాలి. దాంతోపాటు ఫోనా కంప్యూటరా, ఏ యాప్‌లో అన్నవి కూడా. స్క్రీన్‌షాట్‌లో ఆధార్ నంబరు, పేర్లు కనబడితే చెరిపి పెట్టమని ముందే చెప్పండి.

తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే అది ‘అను’ ఫాంట్లలాంటి, యూనికోడ్ కాని పాత పద్ధతిలో కొట్టిన మేటర్. అందులో దాగి ఉన్నవి ఇంగ్లీషు కోడ్‌లే, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. వాట్సాప్‌లో ఆ ఫాంటు ఉండదు కాబట్టి అసలు సరుకు బయటపడుతుంది. ఇక్కడ ‘ఫాంటు మార్చండి’ అనడం తప్పు సలహా, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి. కన్వర్టరులో అను వెర్షను తప్పు ఎంచుకుంటే ఒత్తులు, గుణింతాలు తారుమారవుతాయి. సరైనది ఎంచుకున్నా ఒకసారి ప్రూఫు చూడాల్సిందే.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే మేటర్ బాగానే ఉంది, ఫాంటే లేదు. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటు వేయిస్తే సరి.

‘క్క’ రావాల్సిన చోట క్, క విడివిడిగా పడితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ కనిపిస్తే దాన్ని ఎంచుకోమనాలి. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టాలి.

ఈ మూడూ కాకపోతే కీబోర్డే పెట్టుకోలేదన్నమాట. అది తేలిక.

గుడిదీర్ఘం:
తేలికే గానీ అక్కడే అందరం తొందరపడతాం. విండోస్‌లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్, యాడ్ లాంగ్వేజ్, తెలుగు, ఆప్షన్స్, యాడ్ కీబోర్డ్, తెలుగు ఫొనెటిక్ (పలికినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది)... ఇంత తాడు ఒకేసారి విసిరితే అవతలి మనిషి మూడో ముడి దగ్గరే ఆగిపోతాడు. ఎక్కడ ఆగాడో మనకి తెలియదు. రెండు మెట్లు చెప్పి ‘ఇప్పుడేం కనిపిస్తోంది?’ అని అడగాలి.

చాలామంది అన్నీ సరిగ్గా చేసి, చివర్లో విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కాలని తెలియక ‘పని చెయ్యలేదు’ అంటారు. ఫోన్లో జీబోర్డ్ అయితే స్పేస్‌బార్‌ని కాసేపు నొక్కి పట్టుకోవాలి. అందుకే మొదట నేను అడిగేది: టాస్క్‌బార్‌లో గడియారం పక్కన ఏ భాష చూపిస్తోంది?

అరసున్న:
ఇంకో మాట అన్నా. డీటీపీ ఆపరేటర్లని (అచ్చు కోసం కంప్యూటర్ల కంపోజ్ చేసేటోళ్ళని) కొత్తవాళ్ళ లెక్కన చూడొద్దు. ఇరవై ఏండ్లుగా మాడ్యులర్, యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ల మీద చూడకుండ కొట్టేటాయనకు ‘అమ్మ కోసం amma అని టైప్ చేయండి’ అని చెప్తే ఎట్లుంటది? ఆయనకు రానిది టైపింగ్ కాదు, యూనికోడ్. ఏ లేఅవుట్ అలవాటో ముందు అడగాలె. ఫొనెటిక్ ఆయన వేగాన్ని తగ్గిస్తది.

పొల్లు:
నిజమే. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకి ఉన్న ప్రామాణిక కీబోర్డు లేఅవుట్) నేర్చుకుంటామన్నవాళ్ళకి కూడా ‘హలంతం వేసి హల్లు వేయండి’ అంటే లాభం లేదు. మీటలే చెప్పాలి. క్ర కావాలంటే కే, డీ, జే. లక్ష్మి కావాలంటే ఎన్, కే, డీ, షిఫ్ట్ కామా, డీ, సీ, ఎఫ్. రెండుసార్లు కొట్టాక ‘ఒత్తు ముందల్లా డీ’ అని వాళ్ళే పట్టేస్తారు.

వలపలగిలక:
‘జ్ఞ రావట్లేదు’ అని నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతారు. విసుక్కోవద్దు, అడగాల్సిన ప్రశ్నే అది. మనం పలికేది గ్న్య, రాసేది జ కింద ఞ. పలికినట్టు కొడితే గ్న్య పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పీ, డీ, తర్వాత షిఫ్ట్‌తో కుడి చదరపు బ్రాకెట్. ఫొనెటిక్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో తీరు, ఏది వాడుతున్నారో తెలిశాకే చెప్పండి.

ఇంకొకటి. అడిగిన పోస్టులో అక్షరదోషాలుంటే ముందు సమస్య తీర్చండి, దోషాల సంగతి తర్వాత. చాలాసార్లు ఆ దోషాలు ఫోన్ సూచించిన పదాన్ని తొందరలో నొక్కడం వల్ల వచ్చినవే.

గుడిదీర్ఘం:
జవాబు ప్రైవేట్ మెసేజీలో ఇవ్వకండి, రేపు ఇంకొకరు మళ్ళీ అడుగుతారు. రిమోట్‌గా కంప్యూటర్ ఇమ్మని అడగొద్దు, ఇవ్వొద్దని కూడా చెప్పండి. అడిగినవాళ్ళు ‘అయిపోయింది, థాంక్స్’ అని వెళ్ళిపోతే ఏది పనిచేసిందో ఒక ముక్క రాయమని అడగండి, కోపం లేకుండా.

అరసున్న:
పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే చెత్త వచ్చిందంటే? అది కూడా రాసుకోండి: గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవాలె, బొమ్మలోని అక్షరాలను అదే గుర్తుపడ్తది. తర్వాత ప్రూఫు చూస్కోవాలె.

పొల్లు:
‘వెతికితే నా పదం దొరకట్లేదు’ అన్నవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. కంటికి ఒకేలా ఉందని సున్న (ం) బదులు అంకె 0 కొడతారు. అందుకే ‘ప0డు’ కీ ‘పండు’ కీ కంప్యూటర్ దగ్గర పొంతన కుదరదు. అంకెలన్నీ ఒక్క దెబ్బకి మార్చమని మాత్రం చెప్పకండి, 2010 కాస్తా 2ం1ం అయిపోతుంది. ఒక్కోటీ చూసుకుంటూ మార్చమనాలి.