అప్‌డేట్: ఇంట్లో చెప్పే బయాలజీకి ఏపీ అని పెట్టొచ్చా అని అడిగాను కదా

టెక్సస్‌లో ఇంట్లోనే హైస్కూల్ చదువుతున్న మా అమ్మాయికి కాలేజీ టెక్స్ట్‌బుక్‌తో చెప్పే బయాలజీని ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే కోర్సులూ గ్రేడ్లూ ఉండే రికార్డులో, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్స్) అని రాయొచ్చా అని అడిగాను. పుస్తకం కష్టంగా ఉంటే సరిపోదండి, ఆ పేరు ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ అనే సంస్థ వాళ్ల ట్రేడ్‌మార్క్, సిలబస్‌ని వాళ్లు చేసే కోర్స్ ఆడిట్‌కి పంపి వాళ్లు ఓకే అంటేనే పెట్టుకోవాలి, హోంస్కూల్ వాళ్లు కూడా పంపొచ్చు. ఆడిట్ లేకపోయినా మే నెలలో పరీక్ష రాయొచ్చు, కాకపోతే దగ్గర్లో ఏదో ఒక స్కూల్ ఒప్పుకోవాలి, అది ముందు ఏడాది ఫాల్‌లోనే అడిగి పెట్టుకోండి, మాకు ఒకళ్లు కుదరదన్నాక ఇంకో స్కూల్ సరే అంది.

ఆనర్స్, అంటే మామూలు కంటే కష్టమైన కోర్స్, అని పెట్టడానికైతే దేశమంతటికీ ఒకే రూల్ అంటూ లేదు, అందుకే కోర్స్ డిస్క్రిప్షన్ గట్టిగా రాస్తున్నా, ఏ చాప్టర్లు, ఏ ల్యాబులు, రిపోర్టులు ఎలా దిద్దాను అన్నీ. ఉల్లి వేరు కొనల్ని మైక్రోస్కోప్ కింద చూసి ఏ దశలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి కై-స్క్వేర్ అనే స్టాటిస్టిక్స్ టెస్ట్ కూడా వేసింది పిల్ల, అంత పని చేసినప్పుడు అది కాగితం మీద కనపడాలి కదా!

కెమిస్ట్రీ మాత్రం కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్‌గా, అంటే హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చేలా, తీసుకుంటోంది, అక్కడ గ్రేడు కాలేజీ రికార్డులోనే పడుతుంది కాబట్టి లెవెల్ గురించి మనం వేరే రుజువులు చూపించక్కర్లేదు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి.