జపాన్ బ్యాంకులకు అంకెల పేర్లు ఎందుకు?

ప్రశ్న: సెందాయ్‌లో 77 బ్యాంక్, తకమత్సులో 114 బ్యాంక్, నాగానోలో 82 బ్యాంక్ (2026 నుంచి 82 నాగానో బ్యాంక్). ఇవి లైసెన్సు వరుస నంబర్లేనా? అయితే మిగతా నంబర్లు ఏమయ్యాయి?

జవాబు 1: 77, 114 లైసెన్సు నంబర్లే. రెండూ 1878లో పుట్టాయి. అమెరికా పద్ధతి చూసి జపాన్ 1872లో "జాతీయ బ్యాంకు" చట్టం తెచ్చింది. పేరుకే జాతీయం, సొమ్మంతా ప్రైవేటుది. మూలధనంలో 60 శాతం మేరకు బ్యాంకు సొంత నోట్లు వేసుకోవచ్చు, 40 శాతం బంగారు నాణేల్లో ఉంచాలి. చిక్కంతా అక్కడే. ప్రభుత్వ కాగితం కంటే బంగారం విలువ పెరగడంతో, నోటు బయటికి రాగానే జనం తెచ్చి బంగారం పట్టుకుపోయారు. నాలుగు బ్యాంకులే తెరుచుకున్నాయి: 1, 2, 4, 5. మూడోది వాటాదారుల గొడవలతో మొదలవకుండానే ఆగింది.

1876లో నిబంధన మార్చారు. బ్యాంకు తన నోటుకు బదులు బంగారం ఇవ్వక్కర్లేదు, ప్రభుత్వ నోట్లిస్తే చాలు. మూలధనంలో 80 శాతం బాండ్లుగా కట్టొచ్చు. సరిగ్గా అదే ఏడాది సమురాయ్‌ల (యోధుల వర్గం) భత్యాలు రద్దుచేసి చేతికి బాండ్లు ఇచ్చారు. ఆ బాండ్లే మూలధనమయ్యాయి. 1879కల్లా 153 బ్యాంకులు! అక్కడితో లైసెన్సులు ఆపేశారు.

జవాబు 2: 82 మాత్రం లైసెన్సు నంబరు కాదండీ. 1931లో 19వ బ్యాంకు, 63వ బ్యాంకు కలిశాయి. కూడి చూడండి. మియె ప్రాంతపు "33 బ్యాంక్" కూడా లైసెన్సు నంబరు కాదు, 2021లో రెండు బ్యాంకులు కలిసి పెట్టుకున్న పేరు.

జవాబు 3: మిగతావి ఎలా పోయాయంటే, ఇన్ని బ్యాంకుల నోట్లతో, 1877లో సత్సుమా సమురాయ్‌ల తిరుగుబాటును అణచిన ఖర్చుతో ధరలు మండిపోయాయి. ఆర్థిక మంత్రి మత్సుకాత 1882లో బెల్జియం నమూనాలో కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ జపాన్, తెరిచి, నోట్లు వేసే హక్కు దానికే అప్పగించాడు. పాతవి జాతీయ బ్యాంకులుగా నడిచేందుకు లైసెన్సు తేదీ నుంచి 20 ఏళ్ల గడువు. 1899తో వాటి నోట్లు చెల్లకుండా పోయాయి. చాలా బ్యాంకులు మామూలు బ్యాంకులుగా మారి, అంకె ఉంచుకున్నాయి.

అసలు దెబ్బ 1927ది. మార్చి 14న ఆర్థిక మంత్రి కతఓకా, టోక్యో వతనబే బ్యాంకు మూతపడిందని పార్లమెంటులో అనేశాడు. అప్పటికది చెల్లింపులు చేస్తూనే ఉంది. మర్నాడు నిజంగానే మూసేసింది. డిపాజిటర్లు మిగతా బ్యాంకుల మీద పడ్డారు. ఆ ఏడాదే వచ్చిన చట్టం కనీస మూలధనం మామూలుగా పది లక్షల యెన్లుండాలంది. చిన్నవాటికి విలీనమే దారి. యుద్ధకాలంలో "జిల్లాకో బ్యాంకు" ఒత్తిడీ తోడై, 1945 నాటికి 61 సాధారణ బ్యాంకులే మిగిలాయి.

ఒకటో నంబరు బ్యాంకు విలీనాల్లో ఇప్పటి మిజుహో బ్యాంకులో కలిసింది. దాని బ్యాంకు కోడ్ ఇప్పటికీ 0001.