రగ్బీ క్లబ్: మైదానం బయట చేసిన పనులు ఫలించాయో లేదో ఎలా తేల్చాలి?

టీమ్‌షీట్: న్యూజిలాండ్‌లో ఒక క్లబ్ సీనియర్ జట్టు మేనేజర్ పని చూస్తున్నాను. 32 మంది ఆటగాళ్లు. మంగళ, గురువారాలు సాయంత్రం 6కి ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. 12 జీపీఎస్ యూనిట్లు (ఆటగాడు ఎంత పరిగెత్తాడో కొలిచేవి), పొద్దున్నే ఫోన్‌లో నింపే వెల్‌నెస్ ఫారం, ఫిజియో నోట్‌బుక్ ఉన్నాయి. వీటివల్ల ఏం ఒరిగిందో చెప్పమని కమిటీ అడుగుతోంది. గెలుపోటములు పక్కనపెట్టి ఎలా చూడాలి?

లూజ్‌హెడ్: ఫారాలు ఎంతమంది నింపారో లెక్కపెట్టకండి, వాటిని చూసి ఏ నిర్ణయం మార్చారో వెతకండి. మూడు వారాలు తీసుకోండి: సాఫీగా నడిచినది ఒకటి, గాయాలు ఎక్కువైనది ఒకటి, దూరప్రయాణం ఉన్నది ఒకటి. ఒక్కోదాన్నీ శనివారం నుంచి వెనక్కి చదవండి. గురువారం పొద్దున ఒక ప్రాప్ (రెండు జట్లూ గుంపుగా తోసుకునే స్క్రమ్‌లో ముందు వరస ఆటగాడు) నిద్రకి 5కి 2, ఒళ్లు నొప్పులకి 2 వేశాడనుకుందాం (తక్కువ అంకె అంటే బాగాలేనట్టు). అది ఎవరు చూశారు? సాయంత్రం 6 లోపే చూశారా? అతనికి స్క్రమ్‌లు తగ్గించారా? శుక్రవారం తెరిచి చూశారంటే ఆ ఫారం ఉన్నా లేనట్టే.

ఎవరూ చూడట్లేదని ఆటగాళ్లు ఇట్టే పసిగడతారు, అన్నిటికీ 4 కొట్టేసి వదిలేస్తారు. ఒక్కొక్కరి అంకెలు వరసగా పేర్చి చూస్తే ఏ వారం నుంచి కదలడం మానేశాయో కనబడుతుంది. అక్కడి నుంచి ఆ డేటాని నమ్మొద్దు.

జీపీఎస్ యూనిట్లు చేతులు మారుతున్నాయా? ఒక యూనిట్ ఎప్పుడూ ఒకే ఆటగాడి దగ్గర ఉండాలి, లేదంటే వారానికి వారానికీ పోలిక కుదరదు. 12 మందిని ఖాయం చేసేయండి. మిగతావాళ్లకి ఆటగాడు చెప్పే కష్టం అంకె (10కి) × నిమిషాలు చాలు: 70 నిమిషాలు, కష్టం 6 అయితే 420. ప్రాక్టీసు అయ్యాక 15–30 నిమిషాలు ఆగి విడివిడిగా అడగండి. గుంపులో అడిగితే పక్కవాడు చెప్పిందే చెబుతారు.

టచ్‌లైన్: నన్నడిగితే ముందు తలదెబ్బల రికార్డు తీయండి. మిగతావన్నీ తర్వాత. బ్లూ కార్డు (తలదెబ్బ అనుమానం ఉంటే రెఫరీ చూపేది) పడితే కనీసం 21 రోజులు ఆట లేదు, ఆపైన డాక్టరు అనుమతి కావాలి. ఒక్కో కేసుకి మూడు తేదీలు రాయండి: దెబ్బ తగిలింది, అనుమతి వచ్చింది, మళ్లీ టాకిల్ (ఎదుటివాణ్ణి పట్టి పడేసే) ప్రాక్టీసుకి దిగింది. మూడో తేదీ రెండోదానికంటే ముందుంటే ఆ కేసు మీదే సగం సమీక్ష నడవాలి.

సాధారణంగా తప్పు జరిగేది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లేచోట. వివరం ఫిజియో నోట్‌బుక్‌లో ఉంటుంది, జట్టు ఎంపిక చేసే కోచ్‌కి మాత్రం నోటిమాటగా చేరుతుంది. ప్రాక్టీసులో తగిలిన దెబ్బకి రెఫరీ ఉండడు, కార్డూ ఉండదు. రిజర్వ్ జట్టుకి ఆడినవాడి సంగతి సీనియర్ జాబితాకి ఎక్కదు. రెండు జట్లకీ కలిపి ఒకే జాబితా పెట్టండి, ఎంపికకి ముందు కోచ్ అది తెరిచి చూసి తీరాలి.

ఫ్లాంకర్7: ఇద్దరూ చెప్పింది సరే, ఇంకోటి కలుపుతాను. ఒక్కో ఏర్పాటు దేన్ని తినేసిందో కూడా రాయండి. 2007 ప్రపంచకప్‌కి ముందు న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ 22 మందిని సూపర్ 14 లీగ్ మొదటి 7 రౌండ్లు ఆడనివ్వకుండా కండిషనింగ్‌లో పెట్టింది. శరీరాలు గట్టిపడ్డాయి సరే, కానీ మ్యాచ్‌లు ఆడే సమయం పోయింది. కార్డిఫ్‌లో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ చేతిలో 18–20తో ఓడాక ఆ పథకం మీద గట్టి విమర్శ వచ్చింది. అయినా కోచ్ గ్రాహం హెన్రీని కొనసాగించారు. 2011లో అదే ఫ్రాన్స్ మీద 8–7తో ప్రపంచకప్పు గెలిచారు. ఒక్క ఓటమి చూసి మొత్తం తీసేయకండి.

టీమ్‌షీట్: మంచి మాట. ఆటగాళ్లని కూడా అడగాలా?

లూజ్‌హెడ్: తప్పకుండా. కోచ్ లేనిచోట, ఒక్కొక్కరినీ 20 నిమిషాలు. రిజర్వ్ బెంచీ వాళ్లనీ, క్లబ్ వదిలి వెళ్తున్నవాళ్లనీ మర్చిపోకండి. "ఏదైనా నొప్పి దాచి ఆడావా? ఎందుకు?" ఈ ఒక్కటీ అందరినీ అడగండి.