రాత్రి నానబెట్టిన ఓట్స్ పొద్దున్నకి బంకలా అయిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
ఆరున్నరకల్లా క్యాబ్ వచ్చేస్తుంది, పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడే టైమ్ లేదు. అందుకని రాత్రే పాలల్లో ఓట్స్ నానబెట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. మూడు రోజులు చేస్తే మూడు రోజులూ పోస్టర్లు అంటించే మైదా బంకలా తయారైంది, నిన్న రాత్రే వేసిన అరటిపండు ముక్కలు నల్లబడిపోయాయి కూడా. ఉడికించకుండా తింటే అరగవేమోనని అమ్మ భయం. నాన్నగారికి షుగర్ ఉంది, ఆయనకీ పెట్టొచ్చా?

జవాబు 1:
మీవి ఇన్‌స్టంట్ ఓట్స్ అయ్యుంటాయి, ప్యాకెట్ ఒకసారి చూడండి. అవి సన్నగా, పొడిపొడిగా ఉంటాయి, రాత్రంతా నానితే మెత్తగా పిండైపోతాయి. రోల్డ్ ఓట్స్ అని రాసున్నవి తెచ్చుకోండి, చేతిలోకి తీసుకుంటే దొడ్డు అటుకుల్లా రేకు రేకుగా కనిపిస్తాయి. స్టీల్ కట్, అంటే గింజని ముక్కలుగా కోసినవి మాత్రం వద్దు, పొద్దున్నకి కూడా పంటికింద గట్టిగానే తగులుతాయి. అరకప్పు ఓట్స్‌కి, అంటే ఓ 40 గ్రాములకి, ముప్పావు కప్పు పాలు, రెండు స్పూన్ల పెరుగు వేసి కలపండి. చియా గింజలు వేస్తే ఒక్క స్పూను చాలు, దానికి ఇంకాస్త పాలు పోయాలి, అవి విపరీతంగా పీల్చేస్తాయి. రోల్డ్ ఓట్స్‌ని ఆవిరి పట్టించాకే రేకులుగా నొక్కుతారు కాబట్టి పూర్తిగా పచ్చివి కావు, అటుకులు నానబెట్టుకుని తినడం లాంటిదేనని అమ్మగారికి చెప్పండి.

జవాబు 2:
నాకు పొద్దున్నే తీపి దిగదండి, అందుకే దద్దోజనంలా చేసుకుంటాను. కమ్మటి పెరుగులో నీళ్లు పోసి మజ్జిగకంటే కాస్త చిక్కగా చిలికి, ఉప్పు, అల్లం తురుము, చీల్చిన పచ్చిమిర్చి, తుంచిన కరివేపాకు వేసి అందులో ఓట్స్ నానబెట్టండి. పొద్దున్నకి కరివేపాకు వాసన పెరుగుకి పట్టేసి మూత తీయగానే గుప్పుమంటుంది. అప్పుడు క్యారెట్ తురుము, దానిమ్మ గింజలు, ముందే వేయించి పెట్టుకున్న పల్లీలు వేసుకుని, మాగాయ ముక్క నంజుకుని తినండి. పెరుగు పుల్లగా ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, పొద్దున్నకి ఇంకా పులిసిపోతుంది.

జవాబు 3:
మా అత్తయ్యకి షుగర్, ఆవిడకి రెండేళ్లుగా నేనే చేసి పెడుతున్నాను. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది, రోజుకు 3 గ్రాములు అందితే కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయపడుతుంది, మీ అరకప్పులో దాదాపు సగం వచ్చేస్తుంది. కానీ అదే అరకప్పులో పాతిక గ్రాములకు పైగా పిండిపదార్థం కూడా ఉందని మర్చిపోవద్దు, షుగర్‌కి మంచిదన్నారు కదా అని తేనె, ఖర్జూరాలు కలిపి పెద్ద గిన్నెడు తినిపించకండి. తిన్న రెండు గంటలకు మీటర్‌తో చూడండి, మందులు వాడుతుంటారు కాబట్టి డాక్టరు గారికీ ఒక మాట చెప్పండి. ఇక పళ్లు పొద్దున్నే కోసి వేయండి. బొప్పాయి, ఉడికించని అనాస మాత్రం రాత్రే పాలల్లో వేస్తే చేదెక్కిపోతాయి, నేను ఒకసారి డబ్బా మొత్తం పారబోశాను.

ప్రశ్న అడిగినవారు:
ప్యాకెట్ చూశాను, ఇన్‌స్టంటే. సాయంత్రం రోల్డ్ ఓట్స్ తెచ్చేశాను. ఈ రాత్రికి పెరుగుతోనే రెండు డబ్బాలు పెడుతున్నాను, నాన్నగారి దాంట్లో ఉప్పు తగ్గించి, మాగాయ లేకుండా. పొద్దున్న ఆయన మీటర్ ఎంత చూపించిందో ఇక్కడే రాస్తాను.