చుట్ట అడిగే ముసలమ్మ ఎపిసోడ్ ఎవరికైనా గుర్తుందా?

పర్లాకిమిడి పిల్లోడు:

జీ హారర్ షో చూసి భయపడినవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఒక్క ఎపిసోడ్ కోసం ఏడాదిగా యూట్యూబ్ గాలిస్తున్నాను. దొరకట్లేదు.

1996 వేసవి సెలవులు. నాకు తొమ్మిదేళ్లు. నాన్న ఉద్యోగం పలాసలో, తాతగారిల్లు పర్లాకిమిడిలో. ఊరు ఒడిశాలో, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో. ఇంట్లో తెలుగు, వీధి బడిలో ఒడియా, టీవీ పెడితే హిందీ. గంజాం నుంచి విడిపోయి మా గజపతి జిల్లా ఏర్పడిందీ, జీ టీవీ మొదలైందీ ఒకే రోజట, 1992 అక్టోబర్ 2. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తాతయ్య ఈ మాట చెప్పి, రెంటిలో ఏదీ తనకి పైసా పనికి రాలేదనేవారు.

పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ. పగలంతా దానిమీద అమ్మమ్మ కుట్టిన గుడ్డ కప్పి ఉండేది. రాత్రి భోజనాలయ్యాక గుడ్డ తీసేవారు. చాప మీద పిల్లలం ఆరుగురం, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో పిన్ని. అప్పటికి ప్లస్ టూ అయిపోయింది కాబట్టి ఇంట్లో హిందీ వచ్చిన మనిషి తనే. టీవీలో వాళ్లు ఒక మాట అనగానే పిన్ని తెలుగులో చెప్పేసేది. "పై గదిలోకి వెళ్లొద్దంటంది... ఈడు వినడు సూడండి" అని. ఆ "సూడండి" అన్నప్పుడే మాకు సగం ప్రాణం పోయేది.

ఆ ఎపిసోడ్‌లో పెద్ద బంగళా, హోరున వాన, లోపల ఒక్కడే మనిషి. ఎవరో తలుపు కొడతారు. తీస్తే ఎవరూ ఉండరు. మళ్లీ కొడతారు, మళ్లీ ఎవరూ ఉండరు. మూడోసారి తలుపు తీసినవాడు ఇక వెనక్కి చూడకుండా పరిగెత్తి ఒక చిన్న స్టేషన్ చేరతాడు. ఆఖరి బండి ఇంకా రాలేదు. బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంటుంది.

"బాబూ, అగ్గిపెట్టుందేటి?" అంటుంది.

ఇస్తాడు. చుట్ట ముట్టించుకుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. బండి వస్తుందా అని వీడు అడుగుతాడు. "వస్తంది బాబూ, వస్తంది" అంటూ చుట్ట బయటికి తీసి నోరు తెరుస్తుంది. నోట్లో పళ్లు లేవు, నాలుక లేదు. చీకటి, బావిలో ఉన్నంత లోతు చీకటి. దాని అడుగున ఎర్రగా ఒక దీపం. ఆ దీపం దగ్గరికి వస్తూ ఉంటుంది, దాంతోపాటు బండి చప్పుడు కూడా.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ ఎరుపు కనబడుతుంది. మధ్యలో ఎక్కడో కరెంటు పోయింది, చివర ఏమైందో తెలీదు. సెలవులయ్యాక నౌపడ వెళ్లే చిన్న బండి ఎక్కనని స్టేషన్లో పొర్లి పొర్లి ఏడ్చాను. నాన్న వీపు మీద ఒకటి వేసి ఎక్కించారు. బండి దీపం నావైపు వస్తుంటే ఎవరి నోట్లోకి వెళ్లాలో అనిపించింది మరి.

ఎపిసోడ్ పేరు తెలిస్తే చెప్పండి. పేరు తెలియకపోతే చివర ఏమైందో చెప్పినా చాలు.


బరంపురం బాబాయ్:

ఆ రోజుల్లో వీసీఆర్‌లో రికార్డు చేసి పెట్టుకున్నవాణ్ణి, అందుకని చెప్తున్నాను. షో 1993లో మొదలైంది. తీసినవాళ్లు రామ్‌సే సోదరులు. అసలు ఇంటిపేరు రామ్‌సింఘానీ. కరాచీలో రేడియోల కొట్టు ఉన్న రోజుల్లో తెల్లవాళ్ల నోరు తిరక్క రామ్‌సే అయిందంటారు. అన్నదమ్ములు ఏడుగురు. ఒకాయన కెమెరా, ఒకాయన సౌండ్, ఒకాయన కథ. డైరెక్షన్ తులసి, శ్యామ్ చూసుకునేవారు. ఇంటిల్లిపాదీ దెయ్యాల మీదే బతికారు. ఇద్దరూ ఇప్పుడు లేరు. తులసి 2018లో, శ్యామ్ 2019లో పోయారు.

మొదటి కథ పేరు దస్తక్. తలుపు తట్టడమని అర్థం. అందులో పంకజ్ ధీర్, అర్చనా పూరణ్ సింగ్ ఉన్నారు. మహాభారత్‌లో కర్ణుడు దెయ్యాల కథలో ఏమిటని మా ఆవిడ చాలా బాధపడింది. ఒక్కో కథ కొన్ని వారాలపాటు నడిచేది. అంటే వచ్చే వారం దాకా వీధి గుమ్మం ఎవరు కొట్టినా ఇంట్లో కదిలేవాళ్లు ఉండరు.

మీరు చెప్పిన బంగళా, వాన, తలుపు చప్పుడు ఆ షోలో కావలసినన్ని సార్లు వచ్చాయి. ముసలమ్మ మాత్రం నాకు గుర్తులేదు. రామ్‌సేల సరుకు వేరు బాబూ. పాత హవేలీ, పొగమంచు, కిర్రుమనే తలుపు, ముఖం చెక్కుకుపోయిన రాక్షసుడు. వాళ్ల దెయ్యం వస్తే పీక పట్టుకుంటుంది. అగ్గిపెట్టె అడిగి, కూర్చోబెట్టి కబుర్లు చెప్పదు.

నన్నడిగితే 1985లో దూరదర్శన్‌లో వచ్చిన విక్రమ్ ఔర్ బేతాళే గొప్పది. అరుణ్ గోవిల్ విక్రమార్కుడు, సజ్జన్ బేతాళుడు. ఆ తెల్ల జుట్టు, ఆ నవ్వు! గోవిల్ తర్వాత రాముడు వేసినా మా వీధి పిల్లలు కొన్నాళ్లు ఆయన భుజం మీద బేతాళుడి కోసం వెతికారు. సరే, అది మీరడిగింది కాదు.


బల్లార్షా వాణి:

మీరు ఆహట్‌తో కలగలుపుతున్నారేమో? అది 1995లో సోనీలో మొదలైంది. తీసింది బి.పి.సింగ్, తర్వాత 1998లో సీఐడీ మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆహట్ అంటే అలికిడి. మొదట్లో అందులో దెయ్యాలు తక్కువ, ఎక్కువగా హత్యలూ అనుమానాలూ. దెయ్యాలు తర్వాత పెరిగాయి. మా ఇంట్లో మొదటి రకానికే ఎక్కువ భయపడేవాళ్లం, ఎందుకంటే చంపేది పక్కింటివాడై ఉండేవాడు.

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. నాన్న రైల్వే. మా క్వార్టర్ల వరసలో సగం తెలుగిళ్లే. మీ పిన్ని చేసిన పని మా ఇంట్లో నేను చేసేదాన్ని. నాయినమ్మకి తెలుగు తప్ప మరో ముక్క రాదు, టీవీ మాత్రం వదలదు. నేను బడిలో హిందీ, మరాఠీ చదువుతున్నా కాబట్టి పక్కన కూర్చుని చెప్పాలి. దెయ్యం కనబడగానే "ఈ పిల్లకు పెళ్లయిందా?" అని అడిగేది. నాకేం తెలుసు? అయిందనేదాన్ని. "మరి అత్తగారేది?" అనేది. అలా ఒక్కో దెయ్యానికీ నేను అత్తగారిని, ఆడబిడ్డను, రావలసిన కట్నాన్ని తగిలించాల్సి వచ్చేది. మరీ ఘోరంగా ఉంటే, అదంతా ఆమెకొచ్చిన కల అని చెప్పేసేదాన్ని. లేకపోతే రాత్రి బాత్రూంకి వెళ్లడానికి నన్నే లేపేది.

ఒకసారి ఆమె వాడకట్టులో ఆడవాళ్లందరికీ ఆహట్ కథ చెబుతుంటే విన్నాను. అందులో నేను కలిపింది తప్ప టీవీలో వచ్చింది ఒక్క ముక్క లేదు.


గుణుపురం చిన్న బండి:

నేను సీరియల్ సంగతి కాదు, రైలు సంగతి మాట్లాడతాను.

నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న బండి 1900లో వచ్చింది, మా గుణుపురానికి 1931లో. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. 2004లో ఆపేశారు, 2011లో పెద్ద బండి వచ్చింది. చిన్న బండి నడిచినన్నాళ్లూ నేను అందులోనే కాలేజీకి వెళ్లాను. దాని నడక నాకు తెలుసు. పిల్లోడు గారూ, మీ ముసలమ్మ నోట్లోంచి వచ్చిన చప్పుడు ఎలా ఉంది? గట్టిగా, గంభీరంగా వస్తే అది బొంబాయి బండి. దడదడ మధ్యలో ఆగి ఆగి, దగ్గు వచ్చిన మనిషిలా వస్తే అది మన బండి.

ఇంకోటి. మీ ముసలమ్మ పీల్చింది అడ్డపొగ. నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చడం మన శ్రీకాకుళం, ఇటు గంజాం వైపు ముసలమ్మల పని. గాలికి ఆరిపోదు, బుగ్గలో పెట్టుకుని నాట్లు కూడా వేసేస్తారు. మా ఇంట్లోనే ఇద్దరుండేవారు. అది బొంబాయి సీరియల్‌లోకి ఎలా వెళ్లింది?

అన్నిటికంటే ముఖ్యం, మీ టీవీ బ్లాక్ అండ్ వైట్ అని మీరే రాశారు. నిప్పు ఎర్రగా ఎలా కనబడిందండీ?

యూట్యూబ్ వదిలేసి మీ పిన్నికి ఫోన్ చెయ్యండి.


పర్లాకిమిడి పిల్లోడు:

ఆగి ఆగి వచ్చేది. దగ్గినట్టే.

ఇది రాస్తుంటే చేతులు చల్లబడ్డాయి. ఆ ముసలమ్మ వేసుకున్న ముతక చీర అంచు దగ్గర్నుంచి నాకు తెర మీద కనబడుతోంది. బెంచీకి ఒక కోడు విరిగి, కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి. చూడలేదంటే ఎలా నమ్మాలి? పిన్నికి చేస్తాను.


పర్లాకిమిడి పిల్లోడు (రెండు రోజుల తర్వాత):

చేశాను. పిన్ని ఇప్పుడు రాయగడలో ఉంటుంది. ముందు పావుగంట, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా అని తిట్లు. తర్వాత విషయం చెప్పాను.

"నాకు హిందీ ఎక్కడొచ్చురా?" అంది.

అదేంటి పిన్నీ, అన్నీ చెప్పేదానివి కదా అన్నాను.

"తలుపు కొట్టారు. తీశాడు. ఎవరూ లేరు. దీనికి హిందీ ఎందుకురా, బొమ్మ చూస్తే తెలిసిపోద్ది. హిందీ రాదంటే కుర్చీ మా అన్నయ్య లాక్కుంటాడని వచ్చన్నాను."

బంగళా, వాన, తలుపు టీవీలోవేనట. మూడోసారి తలుపు తీసేసరికి కరెంటు పోయింది. లాంతరులో కిరసనాయిలు లేదు. మేం ఆరుగురం ఒక్కసారి గొల్లుమన్నాం. ఊరుకోబెట్టడానికి పిన్ని ఆ మనిషిని బంగళాలోంచి లేవదీసి మా స్టేషన్‌కి పట్టుకొచ్చేసింది. ఇటుకల బెంచీ మా స్టేషన్‌దే. బండి చప్పుడు తనే నోటితో చేసిందట. ఫోన్‌లో మళ్లీ చేసి చూపించింది. యాభై ఏళ్లకి దగ్గరపడిన మనిషి, పక్కన కోడలు నవ్వుతుంటే, ఆగి ఆగి, దగ్గుతూ. నేను హైదరాబాద్‌లో మా సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాను.

ముసలమ్మ ఎవరంటే వాళ్ల మామ్మ, అంటే మా తాతయ్యకి తల్లి. నేను చూడలేదు. రాత్రిపూట వీధి అరుగు మీద అడ్డపొగ పెట్టుకుని కూర్చునేదట. నిప్పు లోపలుంటుంది కాబట్టి బయటికి ఏమీ కనబడదు, అక్కడ మనిషి ఉన్నట్టే తెలీదు. మాట్లాడ్డానికి నోరు తెరిస్తే మాత్రం లోపల ఎర్రగా. చిన్నప్పుడు పిన్నికి ఆ అరుగు దాటాలంటే చచ్చేంత భయం.

"మరి స్టేషన్ ఎందుకు పెట్టావు?" అన్నాను.

ఇది మాత్రం నెమ్మదిగా చెప్పింది. మామ్మగారి పెనిమిటి రంగం వెళ్లాడట, అదే రంగూన్. మన వైపు వాళ్లు అక్కడ మిల్లుల్లో, రేవులో పనికి చాలామంది వెళ్లేవారు కదా. 1942లో జపాన్ వాళ్ల దెబ్బకి జనం అడవులూ కొండలూ పడి నడిచి వచ్చేస్తుంటే, ఈవిడ రోజూ ఆఖరి బండి వేళకి స్టేషన్‌కి వెళ్లి కూర్చునేది. వచ్చినవాళ్లు వచ్చారు. ఆయన రాలేదు. అలా ఎన్నాళ్లు వెళ్లిందో పిన్నికి తెలీదు. తను పుట్టేనాటికి మామ్మ స్టేషన్ మానేసి అరుగు పట్టింది. బండి కూత వినబడితే మాత్రం చుట్ట తీసి పక్కన పెట్టేదట.

"బండి వస్తంది బాబూ, వస్తంది" అన్నది మామ్మ మాటే. చిన్నప్పుడు తాతయ్యతో అనేదట.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిన్నే, "సచ్చినోడా, ఉన్నావా?" అంది. అప్పుడు అడిగాను, చివర ఏమైంది, బండి వచ్చిందా అని.

"ఎక్కడ చెప్పనిచ్చార్రా? నోట్లో దీపం దాకా వచ్చానో లేదో కరెంటొచ్చేసింది. టీవీలో ఏదో సబ్బు ప్రకటన. ఆరుగురూ నన్నొదిలేసి అటు తిరిగిపోయారు."

"ఇప్పుడు చెప్పు మరి."

"ఇంత వెలుతుర్లో ఏం చెప్తాన్రా? కరెంటు పోయినప్పుడు ఫోన్ చెయ్యి."


బల్లార్షా వాణి:

నాకు కూడా వినిపించండి. కలిపి కాల్ చెయ్యండి.


గుణుపురం చిన్న బండి:

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?


పర్లాకిమిడి పిల్లోడు:

అపార్ట్‌మెంట్ మొత్తానికి జనరేటర్ ఉందండీ. కరెంటు పోయిన నాలుగు సెకన్లలో వచ్చేస్తుంది.


బరంపురం బాబాయ్:

మెయిన్ ఆపేయి నాయనా.